ఆరు మిల్లీమీటర్ల తేడా: లోపమున్న గిటార్‌ను షాపుతో మార్పించుకున్న సంగతి, మూడేళ్ల వాడకం

2022 ఆగస్టు 6న విజయవాడలో ఒక పెద్ద మ్యూజిక్ షాపులో 16,500 రూపాయలు పెట్టి అకౌస్టిక్ గిటార్ కొన్నాను. ఇప్పుడు నా దగ్గరున్నది ఆ గిటార్ కాదు, అదే మోడల్లో ఇంకొకటి. మొదటిదాన్ని మార్పించుకోవడానికి 42 రోజులు పట్టింది. గుంటూరు నుంచి నాలుగుసార్లు తిరిగాను. వ్యవహారం తేలిపోయింది కాబట్టి షాపు పేరూ, కంపెనీ పేరూ రాయడం లేదు.

గిటార్ చూడటానికి చాలా బాగుంది. పైపలక సాలిడ్ స్ప్రూస్, అంటే అతుకు పొరలు కాని అసలు స్ప్రూస్ కలప. జి కార్డు (కొన్ని స్వరాలు ఒకేసారి) మీటితే గది నిండేది. షాపులో నేను వాయించి చూసింది మొదటి మూడు ఫ్రెట్లలోనే (ఫ్రెట్లంటే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు), నా పొరపాటు అదే.

ఆదివారాలు మా చర్చి క్వయర్‌లో వాయిస్తాను. కొన్న తర్వాత రెండో ఆదివారం కీబోర్డు వాయించే తమ్ముడు పాట మధ్యలో నా వైపు రెండుసార్లు చూశాడు. అయిపోయాక దగ్గరికొచ్చి, "అన్నయ్యా, కింద బాగానే ఉంది గానీ ఐదో ఫ్రెట్ దాటితే నీ గిటార్ శ్రుతి పైకి పోతోంది" అన్నాడు. బారె కార్డు (ఒకే వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కేది) గట్టిగా నొక్కుతున్నానేమో అనుకుని ఇంటికొచ్చి రాత్రి పదకొండు దాకా వేళ్లు మార్చి మార్చి చూసుకున్నాను. పదిహేనేళ్లుగా వాయిస్తున్న చెయ్యి మీద నాకే నమ్మకం పోయింది. ఆ బాధ ఎవరికీ వద్దు.

మర్నాడు క్లిప్ ట్యూనర్ (శ్రుతి చూపించే చిన్న పరికరం) పెట్టి చూశాను. ఓపెన్ తీగలు ఆరూ సరిగ్గా శ్రుతిలో ఉన్నాయి. 12వ ఫ్రెట్ మీద తీగను ఊరికే తాకించి హార్మోనిక్ పలికిస్తే అదీ సరిగ్గానే ఉంది. అదే చోట నొక్కి మీటితే ముల్లు కుడివైపుకు పోయింది. సన్న తీగ మీద దాదాపు 20 సెంట్లు ఎక్కువ, లావు తీగ మీద 25. ఒక అర్ధస్వరం మొత్తం కలిపితే 100 సెంట్లు. అందులో ఐదో వంతు తప్పితే ఎవరి చెవికైనా తెలుస్తుంది.

షాపుకు వాట్సాప్‌లో వీడియో పంపాను. అది ఆగస్టు 18. జవాబు రాకపోయేసరికి శనివారం గిటార్ తీసుకుని వెళ్లాను. కౌంటర్లో కుర్రాడు, "కొత్త తీగలు కదా సార్, సాగుతుంటాయి. వారం పోతే అవే కుదురుకుంటాయి" అని తీగలు మార్చి 600 తీసుకున్నాడు. ఏమీ మారలేదు. పై శనివారం మళ్లీ వెళ్తే వాళ్ల టెక్నీషియన్ ట్రస్ రాడ్ (మెడ లోపలి లోహపు కడ్డీ) బిగించి, తీగల ఎత్తు తగ్గించాడు. నొక్కడం హాయిగా ఉంది, 12వ ఫ్రెట్ దగ్గర మాత్రం తప్పు తప్పులాగే ఉంది. నేను అడగకముందే ఆయన మెల్లగా ఒక మాటన్నాడు: "ఇది సెట్టింగ్‌తో పోయేది కాదు సార్." పక్కన ఓనర్ ఉన్నా అన్నాడు. ఆ మాటకు ఆ టెక్నీషియన్‌కు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చి స్టీలు స్కేలు తీశాను. తీగ సరిగ్గా సగం దగ్గర నొక్కితే పై స్థాయి స్వరం పలుకుతుంది, 12వ ఫ్రెట్ ఉండాల్సింది అక్కడే. అయితే నొక్కినప్పుడు తీగ కాస్త సాగి స్వరం పెరుగుతుంది. అందుకని శాడిల్‌ను (కింది చివర తీగ ఆనే పట్టీని) ఆ సగం కొలత కంటే రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి పెడతారు, లావు తీగల వైపు ఇంకాస్త ఎక్కువ. నా గిటార్ సన్న తీగ మీద నట్ (పై చివర తీగ ఆనే పట్టీ) నుంచి 12వ ఫ్రెట్ దాకా 325 మిల్లీమీటర్లు. అక్కణ్ణుంచి శాడిల్ దాకా 327 పైచిలుకు ఉండాల్సింది, 321 ఉంది. నాలుగుసార్లు కొలిచాను. శాడిల్ కూర్చునే చెక్కను, అంటే బ్రిడ్జ్‌నే ముందుకు అతికించేశారు. ఎలక్ట్రిక్ గిటార్లో అయితే శాడిళ్లు స్క్రూ తిప్పి జరపొచ్చు. అకౌస్టిక్‌లో బ్రిడ్జ్ జిగురుతో పలకకు అంటుకుని ఉంటుంది. వేడిచేసి ఊడదీసి వెనక్కి అతికిస్తే పాలిష్ మీద మచ్చ ఉండిపోతుంది. కొత్త గిటార్‌కు అది నేనెందుకు ఒప్పుకోవాలి?

సెప్టెంబరు 3న మూడోసారి వెళ్లాను. ఓనర్ పెద్దాయన. "ఇంతమందికి అమ్మాం బాబూ, ఎవరూ చెప్పలేదు. వాయించే వేలును బట్టి కూడా ఉంటుంది" అన్నారు. ఆ మాట గుచ్చుకుంది. వాదించకుండా, "గోడకున్న ఆ గిటార్ ఒక్కసారి దింపించండి" అని అడిగాను. అదే మోడల్. రెంటినీ కౌంటర్ మీద పక్కపక్కన పడుకోబెట్టి స్కేలు ఆయన చేతికే ఇచ్చాను. ఆయనే కళ్లద్దాలు సవరించుకుని కొలిచారు. గోడ మీది గిటార్ 325, 327. నాది 325, 321. ఇంకోసారి కొలిచారు. కాసేపు ఏమీ అనలేదు. అంతవరకూ మా మధ్య నడిచింది "బాగా పలకడం లేదు", "బాగానే ఉంది కదా" అన్న మాటలే. స్కేలు చూశాక ఆ మాటలు ఆగిపోయాయి.

అయినా వెంటనే ఒప్పుకోలేదు. బిల్లు కింద అచ్చువేసిన "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న ముక్క చూపించారు. వాడిన గిటార్ కాబట్టి 20 శాతం తగ్గించుకుని క్రెడిట్ నోటు (ఆ డబ్బుకు అక్కడే ఇంకేదైనా కొనుక్కునే చీటీ) ఇస్తామన్నారు. లోపం వాడకం వల్ల వచ్చింది కాదు కదా, ఆ 3,300 నేనెందుకు పోగొట్టుకోవాలని కాదన్నాను.

ఇంటికొచ్చి 1915కు ఫోన్ చేశాను, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఫిర్యాదు నమోదు చేసుకున్నారు. 2020 జులై నుంచి అమల్లో ఉన్న 2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా తీసి చదివాను. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వనంటే అది అనుచిత వ్యాపార పద్ధతి అవుతుందని సెక్షన్ 2(47)లో ఉంది. షాపు విజయవాడలో ఉన్నా నేనుండే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్లోనే కేసు వేసుకోవచ్చు. ఐదు లక్షల లోపు సరుకుకు ఫీజు కూడా లేదు. ఇవన్నీ ఒక పేజీ ఉత్తరంలో రాశాను. రెండు గిటార్ల మీద స్కేలు పెట్టి తీసిన ఫోటోలూ, ఆగస్టు 18 నాటి వాట్సాప్ ప్రింటూ జతచేసి, అదే మోడల్ మంచిది ఇవ్వండి లేదా పూర్తి డబ్బు ఇవ్వండి, 15 రోజులు చూస్తాను అని రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఆ రోజు సెప్టెంబరు 5, బిల్లు తేదీ నుంచి ముప్పయ్యో రోజు. ఉత్తరంలో ఎక్కడా పరుషంగా మాట్లాడలేదు. పెద్దాయన పట్ల నాకు కోపం లేదు, నా గిటార్ నాకు కావాలి అంతే.

పదో రోజున షాపు నుంచే ఫోన్ వచ్చింది. కంపెనీ మనిషి ఫోటోలు చూసి ఒప్పుకున్నాడట. సెప్టెంబరు 17న నాలుగు గిటార్లు ముందు పెట్టి ఏది కావాలో చూసుకోమన్నారు. ఈసారి తొందరపడలేదు. ప్రతిదాన్నీ కొలిచాను, 12వ ఫ్రెట్ దగ్గర ఆరు తీగలూ ట్యూనర్‌తో చూశాను, ప్రతి ఫ్రెట్ నొక్కి బరబర ఉందేమో విన్నాను, బ్రిడ్జ్ అంచు కింద కాగితం దూరుతుందేమో చూశాను. రెండింట్లో ఏ వంకా దొరకలేదు. వాటిలో మోత గట్టిగా ఉన్నది తీసుకున్నాను. పాత బిల్లు మీద రాసిస్తానంటే వద్దని కొత్త తేదీతో కొత్త బిల్లు రాయించుకున్నాను. వారంటీ అక్కణ్ణుంచి లెక్క రావాలి కదా.

ఈ రెండో గిటార్‌కు ఇప్పటికి మూడేళ్లు దాటింది. శ్రుతి ఒక్కనాడూ నన్ను మోసం చేయలేదు, ఏడో ఫ్రెట్ మీద బారె పట్టినా కీబోర్డుతో కలిసిపోతుంది. వానాకాలంలో మాత్రం మా వైపు చెమ్మకు పైపలక ఉబ్బుతుంది. 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగ ఎత్తు 2.4 నుంచి 2.9 మిల్లీమీటర్ల దాకా పెరిగి వేళ్లు నొప్పి పుడతాయి, సంక్రాంతికల్లా మళ్లీ దిగుతుంది. తీగలు ఆరు వారాలకే తుప్పు పడుతున్నాయి. మూడో తీగ పెగ్ (తీగ బిగించే మర) ఒకసారి వదులైంది, స్క్రూ బిగిస్తే సరిపోయింది. మొదటి రెండు ఫ్రెట్ల మీద సన్న తీగల కింద గాడి కనిపిస్తోంది, ఇంకో ఏడాదిలో సానపట్టించాలి. ఈ ధరకు మంచి గిటారే.

షాపుకు మాత్రం సగం మార్కులే వేస్తాను. చివరికి న్యాయం చేశారు, ఎంచుకోనిచ్చారు, మర్యాద తప్పలేదు. కానీ టెక్నీషియన్ రెండో శనివారమే చెప్పిన మాట అప్పుడే విని ఉంటే ఉత్తరం దాకా వచ్చేది కాదు. మొదటి రోజు తీగల కోసం తీసుకున్న 600 అడిగితే "తీగలు మీరు వాడారు కదండీ" అన్నారు, తిరిగి ఇవ్వలేదు.