అంబాసిడర్ డిక్కీలో సబ్‌వూఫర్: పెట్టె బాగుంది, వైరే మోసం

ఎన్ని అంగుళాలు, ఎన్ని వాట్లు అని అడిగేవాళ్లే ఎక్కువ. నాది పది అంగుళాల సబ్‌వూఫర్ (బేస్ మోగించే పెద్ద స్పీకరు), సీల్డ్ బాక్సు, అంటే కంత లేకుండా మూసేసిన పెట్టె, దాన్ని నడిపే 300 వాట్ల ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల శక్తి) మోనో యాంప్. ఆ సంగతి అంతటితో చాలు. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా కార్పెట్ కింద పరిచే వైరు గురించి ఎవరూ అడగరు. బిల్లులో కూడా ‘కిట్’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. నాకు ఇప్పటికీ కోపం తగ్గనిది ఆ వైరు మీదే.

బండి నాన్నగారు కొన్న 1985 అంబాసిడర్ మార్క్ 4, పెట్రోలుది. మేముండేది ఒడిశాలోని బరంపురంలో. రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర వస్తే వీధి వీధంతా డప్పులు మోగే ఊరు. ఆ మోత గుండెల్లో తగులుతూ పెరిగినవాళ్లకి డ్యాష్‌బోర్డు స్పీకర్లలో వచ్చే పాట ఆనదు.

పెట్టె పెట్టించాక నాకు కలిగిన సంతోషం మాత్రం అబద్ధం కాదు. వాల్యూమ్ పెంచక్కర్లేదు. 80 హెర్ట్జ్ దగ్గర కట్ పెట్టి (అంతకన్నా కింది మోతే పెట్టెకి వెళ్లేలా), పాత పాట ఏదైనా సన్నగా వేస్తే, ఇన్నాళ్లూ టకటకమనే వినిపించిన తబలాలో డగ్గా (ఎడమ చేతి వైపుది) గుమ్మనే మోత విడిగా తెలుస్తుంది. వెనక సీట్లో కూర్చున్న అమ్మ, "తబలా ఆయన ఎనకాలే కూచున్నట్టుందిరా" అంది. పోర్టెడ్ బాక్సు (గాలి కంత ఉన్న పెట్టె) అయితే ఇంకా గట్టిగా మోగేది. కానీ దెబ్బ పడి ఆగాల్సిన చోట ఆగడం నాకు ముఖ్యం. అందుకు సీల్డే మేలు.

ఆ ముచ్చట ఒక వానాకాలం దాటేసరికి తేలిపోయింది. ఇచ్ఛాపురం నుంచి రాత్రి పూట వస్తున్నాం. హెడ్‌లైట్లు, వైపర్లు, పాట అన్నీ నడుస్తున్నాయి. బేస్ ఒక్కసారిగా పోయింది, పై స్పీకర్లు మాత్రం పాడుతున్నాయి. బండి ఆపి డిక్కీ తీస్తే యాంప్ మీద ఎర్రలైటు. ఆపి వేస్తే వస్తుంది, కాస్త పెంచితే మళ్లీ పోతుంది. బిగించిన షాపుకి తీసుకెళ్తే మీటరు కూడా పెట్టకుండా, "యాంప్ పోయింది సార్, మార్చేద్దాం" అన్నారు. కొత్త యాంప్ రేటు కూడా అప్పుడే చెప్పేశారు.

మార్పించలేదు. మా బండి ఇన్నేళ్లుగా చూస్తున్న మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. పాట వేసి ఉంచమని, మీటరు పుల్ల ఒకటి యాంప్ నెగెటివ్ మీద, రెండోది బాడీ మీద గీకిన ఒట్టి రేకు మీద పెట్టాడు. ఎర్తు, అంటే నెగెటివ్ వైరు బాడీ రేకుకి కలిసే చోటు, సరిగ్గా ఉంటే అక్కడ దాదాపు సున్నా చూపించాలి. బేస్ పడినప్పుడల్లా ఒకటిన్నర వోల్టు చూపిస్తోంది. అంటే బ్యాటరీలో ఉన్నది యాంప్‌కి చేరకుండా దారిలోనే పోతోంది. వోల్టేజి చాలక యాంప్ తనను తాను ఆపుకుంటోంది. దాని తప్పేమీ లేదు.

ఎర్తు బోల్టు విప్పితే కింద పెయింటు అలాగే ఉంది. వైరు చివర తెల్లటి పొడి పట్టింది. మేస్త్రి బ్లేడుతో ఒక పోగు గీకి నా కళ్ల ముందు పెట్టాడు. పైన రాగి రంగు, లోపల తెలుపు. "ఇదేటి బాబూ, ఇది రాగి కాదు, అలీమినం" అన్నాడు. రాగి పూత వేసిన అల్యూమినియం అన్నమాట. కరెంటు మోయడంలో అది రాగిలో మూడింట రెండొంతులకి మించదు. పైగా గోపాలపురం సముద్రపు గాలి తగిలే ఊళ్లో, ఇనప బోల్టు కింద చెమ్మలో అల్యూమినియం నిలవదు. పై తొడుగు వేలంత లావుంది కానీ లోపలి తీగ అందులో సగం కూడా లేదు.

అంతకంటే ఘోరం ఇంకొకటి ఉంది. ఫ్యూజు డిక్కీలో, యాంప్ పక్కన అందంగా బిగించారు. ఫ్యూజు ఉండేది వైరును కాపాడటానికి. బ్యాటరీకి అడుగున్నర లోపే ఉండాలి. లేకపోతే మధ్యలో ఎక్కడ రేకుకి తగిలినా బ్యాటరీలో ఉన్న కరెంటంతా ఆ తీగలోంచే పోతుంది, ఆపేది ఏదీ ఉండదు. మా బండిలో ఇంజన్ వైపు నుంచి లోపలికి వచ్చే కంతకి రబ్బరు బుష్ కూడా వేయలేదు. అక్కడ తొడుగు అరిగి తీగ మెరుస్తోంది. ఆ బండిలో అమ్మని కూర్చోబెట్టుకుని తిరిగాను. షాపువాళ్లని నిలదీస్తే, "ఇన్నాళ్లూ మ్యూజిక్ వచ్చింది కదా సార్" అన్నారు. ఆ మాట నేను మర్చిపోలేను.

అసలు రాగి వైరు, నాలుగు గేజ్ (లావు కొలత) ది, తెప్పించాం. బ్యాటరీ దగ్గరే 40 ఆంపియర్ల ఫ్యూజు. ఎర్తుకి పెయింటు గీకి, లగ్గు (వైరు చివర వేసే రింగు), పళ్ల వాషరు వేసి బిగించి, పైన గ్రీజు పూశాం. పాత యాంపే ఇప్పటికీ పాడుతోంది, మునుపటి కన్నా గట్టిగా.

అంబాసిడర్ రేకు మందం, డిక్కీ మోగదని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ని. రేకు వరకూ అది నిజమే. నంబరు ప్లేటు, దాని దీపం తొడుగు మాత్రం బాగా మోగుతాయి. ప్లేటు వెనక రబ్బరు వాషర్లు, డిక్కీ మూత లోపల బ్యూటైల్ షీటు (మోత అణిచే రబ్బరు లాంటి షీటు) వేశాక చాలావరకు తగ్గింది. మూత దించేటప్పుడు ఆ బరువు చేతికి తెలుస్తుంది.

మేం నలుగురం, దూర ప్రయాణాలు తక్కువ, సాయంత్రాలు గోపాలపురం దాకా వెళ్లొస్తాం. మాకు ఇది బాగానే సరిపోయింది. పెళ్లిళ్లకి సామాన్లతో పర్లాకిమిడి వెళ్లాల్సి వస్తే పెట్టె తీసి ఇంట్లో పెడతాను, అందుకే వైర్లకి ఊడదీసే కనెక్టరు వేయించాను. డిక్కీ నిండా సరుకు వేసుకుని తిరిగేవాళ్లకి మాత్రం వద్దనే అంటాను. ఇంకా డైనమో (బ్యాటరీ చార్జి చేసే పాతకాలం యంత్రం) మీదే నడుపుతున్నవాళ్లు ముందు దాని బదులు ఆల్టర్నేటర్ వేయించుకోండి. ఐడిల్‌లో డైనమో చార్జింగ్ ఇవ్వదు కాబట్టి, రాత్రి రైల్వే గేటు దగ్గర ఇంజన్ ఆపకుండా పాట వింటూ కూర్చుంటే బ్యాటరీయే అరిగిపోతుంది.