వైటెస్ట్‌లో ఆన్‌కన్సోల్‌లాగ్: ఏడాదికి పైగా వాడాక

టెస్టులన్నీ పాసయినా టెర్మినల్ నిండా ఎర్ర అక్షరాలే ఉంటే నాకు చెప్పలేనంత చిరాకు. వెబ్ తెరలు కట్టడానికి మేం వాడే లైబ్రరీ రియాక్ట్. 2024 ఏప్రిల్‌లో వచ్చిన దాని 18.3 వెర్షన్‌కి మారాక మాకు రోజూ అదే పని. ఫంక్షన్ కాంపొనెంట్లలో (ఫంక్షన్‌గా రాసిన తెర భాగాల్లో) డిఫాల్ట్‌ప్రాప్స్, అంటే విలువ ఇవ్వనప్పుడు వాడుకునే ముందస్తు విలువలు, ఇకపై ఉండవని ఆ వెర్షన్ హెచ్చరిస్తుంది. మా కోడ్‌లో అవెక్కడా లేవు, మేం వాడే చార్టుల లైబ్రరీలో ఉన్నాయి. ఒక్కో కాంపొనెంట్‌కి ఒక్కసారే చెప్పి రియాక్ట్ ఊరుకుంటుంది గానీ, మా టెస్టులు నడిపే టూల్ వైటెస్ట్ ఒక్కో టెస్ట్ ఫైల్‌ని విడిగా నడుపుతుంది. దాంతో చార్టు ఉన్న ప్రతి ఫైల్లోనూ గోల మళ్ళీ మొదలు.

వైటెస్ట్‌లో ఆన్‌కన్సోల్‌లాగ్ అనే సెట్టింగ్ దొరికినప్పుడు నిజంగా సంబరపడ్డాను. కాన్ఫిగ్‌లో చిన్న ఫంక్షన్ రాసి, ఫలానా మాట కనిపిస్తే ఫాల్స్ ఇస్తే చాలు, ఆ మెసేజ్ తెర మీదికి రాదు. టెస్టులను ముట్టుకోనక్కర్లేదు. వైటెస్ట్ లాంటిదే అయిన జెస్ట్‌లో రీస్టోర్‌మాక్స్ (మార్చిన ఫంక్షన్లను మళ్ళీ అసలు రూపానికి తెచ్చే సెట్టింగ్) ఆన్ చేసి ఉంటే, సెటప్ ఫైల్లో (టెస్టుల కంటే ముందు నడిచే ఫైల్లో) ఎర్రర్లను తెర మీద వేసే కన్సోల్.ఎర్రర్ మీద పెట్టిన స్పై, అంటే దాని స్థానంలో పెట్టే నకిలీ ఫంక్షన్, టెస్టు మొదలయ్యేలోపే ఎగిరిపోయేది. ఇక్కడ ఆ గొడవ లేదు. చాలా నెలలు అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ దీన్నే చెప్పాను.

తర్వాత ఒకరోజు, లిస్టులో ఒక్కో అంశాన్ని గుర్తించే కీ లేదన్న రియాక్ట్ వార్నింగు బ్రౌజర్లో కనిపించింది. చార్టు పక్కనే ఉండే లిస్టు అది, దానికి టెస్టు కూడా ఉంది. టెస్టు నడిపితే మాత్రం ఏమీ రాదు. ఫిల్టర్ తీసేస్తే వచ్చింది, పెడితే మళ్ళీ మాయం. ఫిల్టర్లో ఉన్నదేమో డిఫాల్ట్‌ప్రాప్స్ అన్న ఒక్క మాటే! ఫంక్షన్‌కి అందుతున్న టెక్స్టును ఫైల్లోకి రాయించి చూస్తే అసలు సంగతి బయటపడింది. మేం వాడే వెర్షన్‌లో వైటెస్ట్ వెంటవెంటనే వచ్చిన మెసేజ్‌లను కలిపి ఒకే ముద్దగా అందిస్తోంది. అందులో ఒక్కటి ఫిల్టర్‌కి తగిలినా ముద్ద మొత్తం పోతుంది. మేం తప్పకుండా చూడాల్సిన వార్నింగు అలా ఎన్నాళ్ళు కొట్టుకుపోయిందో తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

ఇప్పుడు సెటప్ ఫైల్లో కన్సోల్.ఎర్రర్‌నే మా ఫంక్షన్‌తో చుట్టాం. అక్కడ ఒక్కో కాల్ విడిగా వస్తుంది. ఒక మెలిక ఉంది: రియాక్ట్ కన్సోల్.ఎర్రర్‌కి పంపే మొదటి ఆర్గ్యుమెంట్‌లో (మొదటి విలువలో) కాంపొనెంట్ పేరు ఉండదు, పేరు రావాల్సిన చోట ఖాళీ గుర్తే ఉంటుంది. పేరు రెండోదానిలో వస్తుంది. అందుకే హెచ్చరిక వాక్యాన్ని మొదటిదానిలో, లైబ్రరీ కాంపొనెంట్ పేరును రెండోదానిలో చూసి, రెండూ కలిస్తేనే ఆపుతాం. మిగతాదంతా అసలు కన్సోల్.ఎర్రర్‌కి వెళ్తుంది. రేపు మావాళ్ళెవరైనా డిఫాల్ట్‌ప్రాప్స్ రాస్తే అదీ కనబడుతుంది.

ఆన్‌కన్సోల్‌లాగ్‌ని పూర్తిగా తీసేయలేదు. వేరే లైబ్రరీ మామూలు లాగ్‌గా వేసే స్వాగత సందేశానికి అది బాగానే సరిపోతోంది. మాది చిన్న టీమ్, చార్టుల లైబ్రరీని ఇప్పట్లో మార్చే తీరిక లేదు. రియాక్ట్ 19 ఫంక్షన్ కాంపొనెంట్లకు డిఫాల్ట్‌ప్రాప్స్‌నే తీసేసింది కాబట్టి అటు వెళ్ళేరోజు ఎలాగూ మార్చక తప్పదు. మీ సొంత కాంపొనెంట్లు బయటివాటితో కలిసి ఒకే టెస్టులో రెండర్ కాకపోతే మీకు ఆన్‌కన్సోల్‌లాగ్ ఒక్కటే చాలేమో. మాకు చాలలేదు.