పాత చందమామలు కొనేవాళ్ళూ, జాగ్రత్త: నా 6,800 రూపాయలు ఎలా పోయాయంటే

పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నానని ఎవరైనా ఫోన్ చేసి, మా తాతగారి బీరువాలో పాత చందమామలు ఉన్నాయి, ఆయన గిడుగువారి దగ్గర చదువుకున్నారు అని మొదలుపెడితే, దయచేసి ఒక్క రూపాయి కూడా ముందుగా పంపకండి. నేను పంపాను. మొత్తం 6,800. రాయగడలో ఉండే ఒక మాస్టారు నాకంటే ముందే ఇదే మనిషికి పంపారని తర్వాత తెలిసింది. మూడోవాళ్ళు ఉండకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది బరంపురం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు ఇటువైపు ఉండిపోయిన తెలుగు కుటుంబాల్లో మాదొకటి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. నాకు తెలుగు అక్షరాలు నేర్పింది మా అమ్మ, అదీ చందమామతోనే. మధ్యాహ్నం పనయ్యాక వంటింటి గడప మీద కూర్చుని, ఒక్కో మాట కింద వేలు పెట్టి చదివించేది. పక్కింటి ఒడియా పిల్లల చేతిలో జహ్నమామూ, అంటే ఒడియా చందమామ, ఉండేది. బొమ్మలు అవే, అక్షరాలు వేరు. వాళ్ళూ మేమూ పక్కపక్కన పెట్టి చూసుకునేవాళ్ళం. ఆ సంగతి ఇప్పుడెందుకంటే, నన్ను మోసం చేసినవాడు ఆ పోలికనే వాడుకున్నాడు.

ఆ పుస్తకాలన్నీ ఇల్లు మారినప్పుడు పాత పేపర్లవాడికి వెళ్ళిపోయాయి. పదేళ్ళుగా మళ్ళీ ఒక్కొక్కటీ పోగుచేస్తున్నాను. ఎక్కడో ఒకచోట గీత గీసుకోవాలి కాబట్టి 1954 నుంచి 1963 దాకా చాలనుకున్నాను. 1954లోనే దాసరి సుబ్రహ్మణ్యం గారి 'తోకచుక్క' సీరియల్ మొదలైంది, దానికి చిత్రా గారి బొమ్మలు. పదేళ్ళు, 120 సంచికలు. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద, విజయవాడ పాత పుస్తకాల షాపుల్లో, ఇచ్ఛాపురంలో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఇంట్లో వెతికి వెతికి 116 దాకా తెచ్చాను. మిగిలినవి నాలుగే: 1954 మార్చి, 1956 ఆగస్టు, 1959 జూన్, 1961 నవంబరు.

నేను చేసిన మొదటి తప్పు ఇక్కడే ఉంది. ఈ నాలుగు నెలల పేర్లూ నా ఫోన్ నంబరుతో సహా, పాత పత్రికల మీద ఆసక్తి ఉన్నవాళ్ళ వాట్సాప్ గ్రూపులన్నింటిలో పెట్టేశాను. పది రోజులకు ఫోన్ వచ్చింది. సరిగ్గా ఆ నాలుగే తన దగ్గర ఉన్నాయన్నాడు. ఐదో సంచిక లేదు, మూడు కాదు, నాలుగు. అరవై, డెబ్భై ఏళ్ళనాటి పుస్తకాలున్న బీరువాలో నాకు లేనివే, అన్నీ నాకు లేనివే ఎలా ఉంటాయి? ఆ ప్రశ్న ఆ రోజు నాకు తట్టలేదు. పదేళ్ళు వెతికిన మనిషికి ఆ నాలుగు పేర్లు వినగానే చెవుల్లో ఇంకేమీ పడదు. ఈ పిచ్చి ఉన్న ప్రతివాళ్ళకీ ఇది అర్థమవుతుంది. అందుకే చెబుతున్నాను, మీ దగ్గర లేని సంచికల జాబితా ఎవరికీ మొత్తంగా ఇవ్వకండి. "1950లలోవి మీ దగ్గర ఏవున్నాయి?" అని అడిగి, జాబితా వాళ్ళ నోటి నుంచి రానివ్వండి.

మాట మహా తీపిగా ఉంది. "బాబుగారూ" అంటూ మొదలుపెట్టి, గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో పాఠం చెప్పిన రోజులు, 1919లో ఆయన నడిపిన 'తెలుగు' పత్రిక, 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోవడం, అన్నీ చెప్పాడు. చెప్పినవన్నీ నిజాలే. 'తెలుగు' పత్రిక రెండు సంచికలు కూడా ఇంట్లో ఉన్నాయి, చందమామల లెక్క తేలాక చూపిస్తానన్నాడు. ఇంత తెలిసినవాడు అబద్ధం ఆడతాడా అనుకున్నాను. పుస్తకాలు చదివి ఎవరైనా చెప్పగలిగే సంగతులవి. అతని ఇంట్లో ఏముందో చెప్పడానికి అవి సాక్ష్యం కావు.

ఒక్కోటి 1,700. బయానాగా 2,000 పంపమన్నాడు. నేను ఫోటోలు అడిగితే వెంటనే ఆరు పంపాడు. ముఖచిత్రాలు నాలుగు, లోపలి బొమ్మలు రెండు. ఇప్పుడు ఆ ఫోటోలు మళ్ళీ చూస్తుంటే కడుపు మండుతోంది. ముఖచిత్రాలు నాలుగూ తిన్నగా, నాలుగు అంచులూ సమంగా ఉన్నాయి. చుట్టూ బల్ల లేదు, చాప లేదు, పట్టుకున్న వేలు లేదు. అవి ఇంటర్నెట్‌లో అందరికీ దొరికే స్కాన్లు. లోపలి పేజీల ఫోటోల్లో బొమ్మలే ఉన్నాయి, ఒక్క తెలుగు అక్షరం పడకుండా కత్తిరించాడు. అక్షరాలు ఎందుకు లేవని నేను అడగలేదు. బొమ్మ చూసి ఆనందపడ్డాను.

బయానా వెళ్ళిన మర్నాడు, విశాఖ నుంచి ఒకాయన ఎక్కువ ఇస్తానంటున్నాడు, మీరు మనసుపడ్డారని ఆపాను, సాయంత్రానికల్లా మిగతాది వేస్తే రేపే పోస్టు చేస్తానన్నాడు. 4,800 కూడా పంపేశాను. రేపు అన్న పార్సిల్ పదకొండు రోజులకు వచ్చింది. ఆలస్యం కావాలనే చేశాడని నా గట్టి నమ్మకం. డబ్బు పోయిన మొదటి గంటల్లో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ నంబరు 1930కి ఫోన్ చేస్తే బ్యాంకు ఆ సొమ్మును ఎక్కడికక్కడ ఆపే అవకాశం ఎక్కువ. పార్సిల్ కోసం ఎదురుచూసేవాడు ఫిర్యాదు చేయడు కదా.

పార్సిల్ విప్పగానే ముందు వాసన తేడాగా తగిలింది. డెబ్భై ఏళ్ళ న్యూస్‌ప్రింట్‌కి ఒక వాసన ఉంటుంది, బియ్యం డబ్బా అడుగున వచ్చే వాసన లాంటిది. ఇది జిరాక్స్ షాపు వాసన. 1954 మార్చి ముఖచిత్రం చేతిలోకి తీసుకున్నాను. రంగులు బాగానే ఉన్నాయి. వీపు దగ్గర మడత తెరిచేసరికి రంగు పొట్టులా లేచి నా వేలికి అంటుకుంది, కింద తెల్లని కాగితం బయటపడింది. కలర్ లేజర్ ప్రింటరు రంగు కాగితం పైన పొరలా ఉంటుంది, మడతపెడితే చిట్లుతుంది. అచ్చుసిరా కాగితంలోకి ఇంకుతుంది, డెబ్భై ఏళ్ళయినా అలా రాలదు. భూతద్దం పెట్టి చూశాను. నా దగ్గరున్న 1954 ఫిబ్రవరి అట్ట మీద రంగుచుక్కలు వరసలు తీరి ఉన్నాయి. దీనిమీద ఇసుక చల్లినట్టు ఉంది. కాగితానికి పసుపు రంగు కూడా అంతటా ఒకేలా ఉంది, టీ నీళ్ళు పూసినట్టు. నిజంగా పాతబడిన కాగితం అంచుల నుంచి మొదలై లోపలికి వెళ్ళేకొద్దీ తేలికవుతుంది.

లోపల ఉన్నది ఏ సంవత్సరానిదో తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. చివరిపేజీ అడుగున అచ్చు వివరాల్లో 'మద్రాసు - 600 026' అని ఉంది. పిన్ కోడ్ మన దేశంలో వచ్చింది 1972 ఆగస్టు 15న. అంతకుముందు చందమామ చిరునామా 'మద్రాసు-26' మాత్రమే. అంటే 1970లలోనో ఆ తర్వాతో వచ్చిన మామూలు సంచికకి 1954 అట్ట తొడిగాడు. నెల, సంవత్సరం ఉండాల్సిన చోట బ్లేడుతో గీకేశాడు. గీకిన చోట కాగితం పల్చబడి వెలుతురులో మెరుస్తోంది.

1956 ఆగస్టుది ఇంకొంచెం తెలివిగా చేశాడు. కాగితం నిజంగా పాతదే, అచ్చు పాతదే. కానీ లోపల ఒక తలనూనె ప్రకటనలో ధర 'న.పై.'లో ఉంది. నయాపైసలు చెలామణీలోకి వచ్చింది 1957 ఏప్రిల్ 1న. 1956 ఆగస్టులో ప్రకటనలు అణాల్లో ఉండాలి. 'నయా' అన్న మాట 1964లో తీసేశారు కాబట్టి, ఆ లోపలి పుస్తకం 1957కీ 1964కీ మధ్యది. అంటే చాలావరకు నా దగ్గర ఇప్పటికే ఉన్న ఏదో ఒక సంచికే అయ్యుండాలి. తర్వాత వెతికితే అది 1960 ఫిబ్రవరిదని తేలింది.

1959 జూన్ తెరిచేసరికి నా చేతులు వణికాయి. మొదటి రెండు ఆకులు తెలుగు జిరాక్స్. మూడో ఆకు నుంచి చివరిదాకా ఒడియా. అదే జహ్నమామూ. ఒడియా చందమామ 1956లో మొదలైంది, మా వైపు పాత సామాన్ల షాపుల్లో తెలుగుదానికంటే అది తేలిగ్గా దొరుకుతుంది, తక్కువకి దొరుకుతుంది. బొమ్మలు ఒకటే కాబట్టి ఫోటోల్లో బొమ్మలే పంపాడు. అక్షరాలు ఎందుకు కత్తిరించాడో అప్పుడు తెలిసింది. చిన్నప్పుడు పక్కింటి గుమ్మంలో పక్కపక్కన పెట్టుకుని చూసిన పుస్తకాలు గుర్తొచ్చి, డబ్బు కంటే దానికే ఎక్కువ బాధపడ్డాను.

1961 నవంబరు మాత్రం అసలుదే. తుప్పు పట్టిన పిన్నులు, పిన్ను మరక పక్క పేజీకి దిగిన గుర్తు, అన్నీ ఉన్నాయి. కానీ నడిమి రెండు షీట్లు లేవు, అంటే ఎనిమిది పేజీలు.

ఫోన్ చేశాను. "పాత సరుకు ఇలాగే ఉంటుంది బాబుగారూ, వాపసు లేదు" అన్నాడు. పిన్ కోడ్ సంగతి ఎత్తగానే ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత నంబరు బ్లాకు. తర్వాతి శనివారం పొద్దున్నే బస్సెక్కి పర్లాకిమిడి వెళ్ళాను. అతను చెప్పిన వీధి ఉంది, ఆ నంబరు ఇల్లు లేదు. వీధి మొదట్లో పాన్‌షాపు తాతగారు ఆ ఇంటిపేరువాళ్ళు ఈ వీధిలో ఎప్పుడూ లేరన్నారు. నన్ను కూర్చోబెట్టి సోడా ఇప్పించి, "మా ఊరి పేరు చెప్పి ఇలా చేశాడా నాయనా" అని ఆయనే ఎక్కువ నొచ్చుకున్నారు. పర్లాకిమిడి వాళ్ళ మీద ఎవరూ అపోహ పెట్టుకోవద్దు. ఆ మనిషి అసలు ఆ ఊరివాడే కాకపోవచ్చు.

1930కి ఫోన్ చేసి, ఆన్‌లైన్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టాను. పేమెంట్ల రసీదులు, చాట్ అంతా, పార్సిల్ మీద ఉన్న పోస్టు బార్‌కోడు స్టిక్కరు ఫోటో జతచేశాను. మీరు కూడా పార్సిల్ చుట్టిన కవరు పారేయకండి, ఏ పోస్టాఫీసులో బుక్ చేశాడో దానిమీదే ఉంటుంది. నాకు డబ్బింకా రాలేదు.

రాయగడ మాస్టారికి జరిగింది వేరే రకం. ఆయన 'యువ' మాసపత్రిక పాత సంచికలు, వపాగారి ముఖచిత్రాల కోసం కొంటారు. వడ్డాది పాపయ్యగారు శ్రీకాకుళంలో పుట్టినవారు కాబట్టి మా వైపు ఆయన బొమ్మలంటే ప్రత్యేకమైన ప్రేమ. పుస్తకాలు వచ్చాయి, లోపల అంతా సరిగ్గానే ఉంది, అట్టలు మాత్రం లేవు. ముఖచిత్రాలు విడిగా ఫ్రేము కట్టించుకునేవాళ్ళకి అమ్మేసి ఉంటాడని ఆయన అనుమానం. ఫోటోలో చూపించిన అట్ట పుస్తకానికి అంటుకుని ఉందా లేదా అని కూడా అడగాల్సి వస్తుందని ఎవరనుకుంటారు?

ఇప్పుడు నేను ఎలా కొంటున్నానో చెబుతాను. ఫోటోలు అడగడం మానేశాను, వీడియో అడుగుతున్నాను. ఆ రోజు దినపత్రిక పక్కన పెట్టి, అట్ట నుంచి అట్ట దాకా ఒక్కో పేజీ తిప్పుతూ తీసిన వీడియో. మధ్యలో పిన్నుల దగ్గర ఒకసారి ఆపమంటాను. పిన్ను కొత్తగా మెరుస్తూ కాగితం మీద పాత తుప్పు మరక వేరే చోట ఉంటే, ఆ పుస్తకం విప్పి మళ్ళీ కుట్టిందే. తర్వాత సీరియల్ మొదటి పేజీ చూస్తాను. సీరియల్‌కి భాగం నంబరు వేస్తారు, ముందు నెల కథ ఎక్కడ ఆగిందో నా సంచికలో ఉంటుంది కదా. మార్చి సంచికైతే ఫిబ్రవరికీ ఏప్రిల్‌కీ మధ్య అది అతకాలి. అట్ట మార్చగలరు, నెల గీకగలరు, సీరియల్ భాగాన్ని ఎవడూ మార్చలేడు. ఫోటో వ్యాఖ్యల పోటీ పేజీ ఉంటే అదీ చదివించుకోండి, కార్డులు ఎప్పటిలోగా చేరాలో అక్కడ తేదీ ఉంటుంది. నిజంగా పుస్తకం ఉన్నవాళ్ళు ఇవన్నీ అడిగితే విసుక్కోరు. ఇచ్ఛాపురం టీచరమ్మగారైతే సీరియల్ పేజీ నాకు ఫోన్లోనే చదివి వినిపించారు.

పోస్టాఫీసు వీపీపీలో పంపితే భద్రమని కొందరంటున్నారు. అందులో డబ్బు కట్టాకే పార్సిల్ చేతికొస్తుంది, ముందు విప్పి చూసే వీలు లేదు. కాబట్టి అది నమ్మి వీడియో అడగడం మానకండి. రెండు గంటల బస్సు ప్రయాణంలో ఉన్న ఊరైతే వెళ్ళి చూసుకోండి. ఛార్జీ వంద, రెండొందలు దాటదు.

ఇంకో మాట. కథలు చదువుకోవడానికే అయితే డబ్బు పెట్టక్కర్లేదు, పాత సంచికల స్కాన్లు చాలావరకు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. కాగితమే కావాలనుకునే మనలాంటివాళ్ళనే వీళ్ళు వెతుక్కుంటూ వస్తారు.

అతని నంబర్లు రెండూ, పార్సిల్ మీది చేతిరాత ఫోటో నా దగ్గరున్నాయి. ఎవరికైనా ఇలాంటి ఫోన్ వచ్చి అనుమానంగా ఉంటే నన్ను విడిగా అడగండి, పోల్చి చూద్దాం. ఇప్పటికే డబ్బు పంపేసి పార్సిల్ కోసం చూస్తున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఆ పార్సిల్ కోసం ఆగకండి, ముందు 1930కి చేయండి. ఇంకొకటి, 1961 నవంబరు సంచిక ఎవరి దగ్గరైనా ఉంటే ఆ నడిమి ఎనిమిది పేజీలు జిరాక్స్ తీసి పంపగలరా? ఖర్చు నేను పెట్టుకుంటాను. మిగతా మూడింటి చోట్ల అలమరలో, నెల పేరు రాసిన అట్టముక్కలు మళ్ళీ పెట్టేశాను.