సెయింట్ థామస్ రేవులో నీలిరాళ్ళ బేరం

కరీబియన్ క్రూయిజ్‌లో రాళ్ళ నగలు కొనవచ్చా అని మా వాళ్ళలో చాలామంది అడుగుతున్నారు. కొనవచ్చు. రాళ్ళు చాలావరకు జాతిరాళ్ళే. నమ్మకూడనిది వాటికి తగిలించిన ధరచీటీని. రేవు పట్టణంలో ధరచీటీ మీద ఉన్న అంకె కేవలం అలంకారం, దానిమీద ఇచ్చే తగ్గింపు మరో అలంకారం. ఈ రెండింటినీ పక్కన పెట్టి రాయిని, లోహాన్ని చూడగలిగితే ఫరవాలేదు. చూడలేకపోతే ఓడ దిగి సముద్రస్నానానికి వెళ్ళండి, సెయింట్ థామస్‌లో మాగెన్స్ బే చాలా బాగుంటుంది.

నాది ప్రొద్దుటూరు. మా నాన్న బంగారు పని చేసేవారు. అంగడిలో కూర్చుని ఎక్కాలు నేర్చుకున్నదాన్ని కాబట్టి నగ చూస్తే ముందు బరువు అడగడం అలవాటు. ఇప్పుడు ఉండేది హ్యూస్టన్‌లో. మేము ఎక్కిన ఓడ మయామీ నుంచి నాసో, సెయింట్ థామస్, సెయింట్ మార్టెన్ మీదుగా తిరిగి వచ్చేది. నాసో గురించి రాయడానికి ఏమీ లేదు. ఈ సమీక్ష సెయింట్ థామస్‌లో టాంజనైట్ అనే నీలిరాయి నగల కోసం నేను చూసిన రెండు దుకాణాల గురించి. ఒకటి చాలా పెద్దది, ఓడ వాళ్ళు సిఫారసు చేసినది. రెండోది సందులో ఉన్న చిన్న కొట్టు.

అసలు అమ్మకం నేలమీద కాదు, నీళ్ళమీదే మొదలవుతుంది. ఓడ రోజంతా సముద్రంలోనే ఉన్నప్పుడు థియేటర్‌లో షాపింగ్ గైడ్ ప్రసంగం పెడతారు. హాలు నిండిపోతుంది. ఆయన చేతిలో ఒక పటం, కూపన్ల పుస్తకం ఉంటాయి. ఈ దుకాణంలో ఉచితంగా కంకణం, ఆ దుకాణంలో దానికి తగిలించుకునే బొమ్మ, ఇంకోచోట లాటరీ. ఊరికే వస్తుందంటే మనవాళ్ళే కాదు, లోకమంతా వరుస కడుతుందని అక్కడ చూశాను. మా వారు కూడా ఒక కూపన్ చించి జేబులో పెట్టుకున్నారు. పటంలో గుర్తు పెట్టిన దుకాణాలన్నీ ప్రచారానికి డబ్బు కట్టినవే. ఆ సంగతి పటం వెనక చీమల బారులాంటి అక్షరాల్లో రాసే ఉంది. వస్తువులో లోపం బయటపడితే బాగు చేయించి ఇస్తామనో మార్చి ఇస్తామనో ఒక హామీ కూడా ఉంది. కొన్నాక మనసు మారినా, ధర ఎక్కువ పెట్టామని తరువాత తెలిసినా ఆ హామీ వర్తించదు. అంటే జనం ఫిర్యాదు చేసే రెండు ముఖ్యమైన విషయాలకూ అది పనికిరాదు.

సెయింట్ థామస్, దాని పక్క ద్వీపాలు ఒకప్పుడు డెన్మార్క్ వారివి. 1917లో అమెరికా రెండున్నర కోట్ల డాలర్ల విలువైన బంగారం చెల్లించి ఈ ద్వీపాలను కొనుక్కుంది, అమెరికా వర్జిన్ ద్వీపాలంటే ఇవే. ముఖ్యపట్టణం షార్లెట్ అమాలీ. మెయిన్ స్ట్రీట్‌కు డేనిష్ పేరు ఇప్పటికీ ఉంది, డ్రోనింగెన్స్ గాడె, రాణిగారి వీధి. దళసరి రాతిగోడలు, కమానుల తలుపులు ఉన్న పాత గిడ్డంగులన్నీ ఇప్పుడు నగల దుకాణాలు. ఒక దుకాణం దాటి ఇంకో దుకాణం, మళ్ళీ నగలే. అమెరికా జెండా కింద ఉన్నా బండ్లు మాత్రం ఎడమ వైపే నడుస్తాయి, రోడ్డు దాటేటప్పుడు మనకు హాయిగా అనిపిస్తుంది. ఇక్కడి వ్యాపారుల్లో సింధీలు చాలామంది ఉన్నారు. పెద్ద దుకాణంలో నన్ను పలకరించిన అబ్బాయి నా బొట్టు చూసి నేరుగా హిందీలోకి దిగాడు.

"రండి దీదీ, నీళ్ళు తాగండి. టాంజనైట్ చూశారా?"

చూడకుండా ఎలా? ఆ వీధిలో టాంజనైట్ పేరు కనిపించని అద్దం లేదు. చూపించిన ఉంగరం నిజంగా అందంగా ఉంది. నీలానికి, ఊదాకు మధ్య రంగు, చుట్టూ చిన్న వజ్రాలు. ధరచీటీ మీద 3,890 డాలర్లు. తరువాత కథ చెప్పాడు. ఇది వజ్రం కంటే వెయ్యి రెట్లు అరుదు, గని ఎండిపోతోంది, మన తరంతో సరి. ఈ ఉంగరం లాంటిది ద్వీపం మొత్తంలో ఇదొక్కటే.

కథలో కొంత నిజం లేకపోలేదు. టాంజానియాలో కిలిమంజారోకు దగ్గరగా ఉన్న మెరెలానీ కొండల్లో తప్ప ఈ రాయి ఇంకెక్కడా దొరకదు. 1967లో బయటపడింది, మరుసటి ఏడు టిఫనీ కంపెనీ ఈ పేరు పెట్టి అమ్మకానికి తెచ్చింది. అయితే 2020లో అక్కడి చిన్న గని యజమాని సనినియు లైజర్ ఒకేసారి రెండు రాళ్ళు తవ్వి తీశాడు, రెండూ కలిపి 14 కిలోల పైమాటే. దొరికేది ఒక్కచోటే అనడం వేరు, దుకాణాల్లో దొరకదనడం వేరు. ఆ అద్దాల బల్లలోనే దోసెడు ఉన్నాయి.

ఉంగరం తీసుకుని తలుపు దగ్గరికి వెళ్ళి చూస్తానన్నాను. అబ్బాయి వద్దనలేదు గానీ వెంట ఇంకొకరు వచ్చారు. దుకాణంలో పైనుంచి సూటిగా పడే దీపాల కింద గాజుపెంకు కూడా మెరుస్తుంది. కమాను నీడలో, నేరుగా ఎండ తగలని చోట పట్టుకుంటే అసలు రంగు తెలుస్తుంది. అక్కడ నీలం పెరిగి ఊదా తగ్గింది. రాయిని పక్కకు తిప్పితే మళ్ళీ ఊదా పలికింది. అది లోపం కాదు, ఆ రాయి గుణం. ఒక్కో దిక్కు నుంచి చూస్తే ఒక్కో రంగు కనిపిస్తుంది, గాజులో అలా కనిపించదు. కాబట్టి ఇది గాజు కాదు. నాన్నది పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం నా సంచిలోనే ఉంటుంది. దానితో చూస్తే రాయి నడుము అంచున సన్నని పెచ్చు లేచి ఉంది. ఎందరి వేళ్ళకు ఎక్కి దిగిందో! రాళ్ళ గట్టిదనాన్ని పదికి లెక్కేసే మోస్ కొలతలో టాంజనైట్‌ది ఆరు, ఆరున్నర. ఇంట్లో దుమ్ములో ఉండే ఇసుక రేణువుది ఏడు. రోజూ అంట్లు తోమే చేతికి ఇది ఉంగరపు రాయి కాదు. చెవులకో మెడకో అయితే ఎన్నాళ్ళైనా ఉంటుంది.

లోపలికి వచ్చి నాకు తెలిసిన ప్రశ్న అడిగాను. బంగారం ఎంత బరువు, రాయి ఎంత బరువు, వజ్రాలు ఎంత? ప్రొద్దుటూరులో ఏ అంగట్లోనైనా బంగారం ఒక లెక్క, తరుగు ఒక లెక్క, మజూరి ఒక లెక్క, రాళ్ళు ఒక లెక్క. బిల్లు మీద గొడవ పడేవాళ్ళు ఏ గడి దగ్గర గొడవ పడాలో తెలిసి పడతారు. ఇక్కడ చీటీ మీద ఒక్కటే అంకె. "ఇక్కడ అలా అమ్మరు దీదీ, ఇది డిజైన్ ధర" అన్నాడు. ఆ బల్లల మీద ఎక్కడా త్రాసు లేదు. త్రాసు లేని బంగారు అంగడి నేను అదే చూడటం. పట్టుబట్టి లోపల తూయిస్తే రాయి రెండు క్యారెట్ల పైన, లోహం మూడు గ్రాములని తేలింది. ఉంగరం లోపల 585 ముద్ర ఉంది, అంటే 14 క్యారెట్ల బంగారం (రాయికి క్యారెట్ అంటే బరువు, బంగారానికి మేలిమి). మూడు గ్రాముల్లో మేలిమి బంగారం సుమారు 1.75 గ్రాములు. మనం 916కు అలవాటు పడినవాళ్ళం, ఈ లెక్క వేసుకోకుండా ధర వినకూడదు.

నేను బేరం ఒక్క మాట ఆడలేదు. ఊరికే నిలబడ్డాను. ఈ ఒక్కరోజుకు 2,300 అన్నాడు. తరువాత మేనేజరు వచ్చి, మీది ఏ ఓడ అని అడిగి, ఆ ఓడ వాళ్ళకు ప్రత్యేకమంటూ 1,650 అన్నారు. గడప దాటుతుంటే 1,450. మనిషి కదలకుండా ఉంటేనే 2,440 డాలర్లు రాలిపోయాయంటే, ఇంకాసేపు నిలబడితే మజ్జిగ కూడా పోసేవారేమో. చివరి అస్త్రంగా ఒక ధృవపత్రం చూపించారు. అందులో రాయి "ఏఏఏ" రకమని, ఉంగరం విలువ 6,200 డాలర్లని ఉంది. రాసింది ఆ దుకాణమే. తన సరుకుకు తానే కట్టుకున్న వెల అది. రంగురాళ్ళకు ఈ "ఏఏఏ" అక్షరాలు ఎవరికి వారు పెట్టుకునేవే, అందరూ ఒప్పుకున్న కొలమానం లేదు. జీఐఏ వంటి పరీక్షా సంస్థ రాయి ఏదో, దానికి ఏ చికిత్స జరిగిందో చెబుతుంది, వెల చెప్పదు.

ఈలోగా మా ఓడలోనే పరిచయమైన డాలస్ అమ్మాయి వచ్చింది. అన్నయ్యకు ఏలినాటి శని నడుస్తోందట, జాతకం చూసినాయన నీలం పెట్టమన్నారట. "అక్కా, ఇది నీలమేనా?" అని అడిగింది. కాదమ్మా అనేలోపే అబ్బాయి అందుకుని, శనికి ఇది ఇంకా మంచిదని చెప్పేశాడు. శనీశ్వరుడికి 1967లో వెలుగు చూసిన రాయితో పరిచయం ఎప్పుడైందో నాకు అర్థం కాలేదు. నవరత్నాల్లోని నీలం వేరే ఖనిజం, గట్టిదనం తొమ్మిది. నమ్మకం ఉన్నవాళ్ళు ఆ రాయే కొనుక్కోవాలి. పక్క అద్దంలో వేలెడు కెంపులు చవకగా పెట్టి ఉంటే ఆ అమ్మాయి అటు వెళ్ళింది. వాటిని భూతద్దంలో చూస్తే లోపల బుడగలు, వాల్చినప్పుడు నీలిమెరుపు. పగుళ్ళలో సీసపు గాజు నింపిన కెంపులవి. అడిగితే "చికిత్స చేసినవి" అన్నారు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. ఉంగరం మరమ్మతుకు ఇచ్చినప్పుడు కంసాలి మంట తగిలితే ఆ గాజు పాడైపోతుంది, నిమ్మరసం కూడా పడదు. నా దృష్టిలో టాంజనైట్ కథల కంటే ఈ మౌనమే పెద్ద తప్పు.

మెయిన్ స్ట్రీట్ నుంచి రేవు వైపు దిగే సన్నని సందులు చాలా ఉన్నాయి. అలాంటి ఒక సందులోదే రెండో కొట్టు. పటంలో లేదు. ఏసీ సరిగా పనిచేయడం లేదు. నడిపేది ఆ ద్వీపం ఆవిడే. బల్ల మీద త్రాసు ఉంది, నాకు సగం మాట అక్కడే అయిపోయింది. టాంజనైట్ దుద్దుల జత చూపించి, నేను అడగకముందే, ఈ రాయి సాధారణంగా గనిలో గోధుమరంగుగా ఉంటుంది, వేడి చేస్తే ఇలా నీలమవుతుంది, ఈ రెండూ వేడి చేసినవే అని చెప్పారు. ఆ రంగు మళ్ళీ పోదు, అందరూ చేసే పనే. కానీ చెప్పడం ఒక మర్యాద. యంత్రంలో వేసి శుభ్రం చేయించవద్దు, గోరువెచ్చని సబ్బునీళ్ళు చాలన్నారు. జత 1.62 క్యారెట్లు, 14 క్యారెట్ల బంగారం 1.9 గ్రాములు. ధర 640 అన్నారు, 590కి ఇచ్చారు. రాళ్ళ బరువు, బంగారం బరువు, వేడి చేసిన సంగతి అన్నీ బిల్లు మీద చేత్తో రాసి సంతకం పెట్టారు.

లోపాలూ ఉన్నాయి. రెండు రాళ్ళు పక్కపక్కన పెడితే ఒకటి కాస్త ఎక్కువ ఊదా. చెవులకు పెట్టుకుంటే ఎవరికీ తెలియదు, నాకు తెలుసు. ఒక దుద్దు మర వదులుగా ఉంటే అక్కడే బిగించారు. వెనక్కి ఇవ్వాలంటే 30 రోజుల్లోపు మన ఖర్చుతో ద్వీపానికి పంపాలి, అంటే ఇవ్వనట్లే. అదే కొట్టులో లేతనీలం లారిమార్ లాకెట్లు కూడా ఉన్నాయి, అవి డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చేవని ఆవిడే చెప్పారు. రేవు దగ్గర బండిమీద మాత్రం అదే రాయిని "మా ద్వీపపు రాయి" అని రాసి అమ్ముతున్నారు.

హ్యూస్టన్ వచ్చాక, నగలు అమ్మని, పరీక్ష మాత్రమే చేసే ఒక రత్నపరీక్షకుడికి 90 డాలర్లు ఇచ్చి చూపించాను. రాళ్ళు జాతివే, బిల్లు మీద రాసింది సరిగ్గానే ఉంది. ఇదే రకం ఇక్కడ కొన్నా దాదాపు ఇంతే అయ్యేదన్నాడు. అంటే నాకు మిగిలింది అమ్మకం పన్ను మాత్రమే, హ్యూస్టన్‌లో అది 8.25 శాతం, సెయింట్ థామస్‌లో లేదు. పరీక్ష ఖర్చు కలుపుకుంటే అదీ మిగల్లేదు. సుంకం లేదన్న బోర్డు చూసి అంతా చవక అనుకునేవారికి ఈ లెక్క చెప్పండి. అమెరికాలో స్థిరపడినవారు అమెరికా వర్జిన్ ద్వీపాల నుంచి తలకు 1,600 డాలర్ల సరుకు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. అందులో మిగతా ద్వీపాల్లో కొన్నది 800 దాటకూడదు. బిల్లులు చేతిసంచిలోనే ఉంచుకోండి.

అన్నట్టు, మర్నాడు సెయింట్ మార్టెన్‌లో ఫిలిప్స్‌బర్గ్ ఫ్రంట్ స్ట్రీట్ మీద ఆ పెద్ద దుకాణానికే ఇంకో శాఖ ఉంది. మా వారు ఉచిత కంకణం కూపన్ పట్టుకుని లోపలికి వెళ్ళి, "ఏమోయ్, నీ ఉంగరం ఇక్కడ కూడా ఉంది" అని పిలిచారు. అదే డిజైన్, అదే చుట్టూ వజ్రాలు, "ఈ ద్వీపంలో ఇదొక్కటే" అన్న అదే మాట. కనీసం ఆ మాటవరకు ఇద్దరు అబ్బాయిలూ అబద్ధమాడలేదనుకోవాలి, ద్వీపానికి ఒకటి పంచినట్టున్నారు.

మార్కులంటారా, పెద్ద దుకాణానికి అయిదుకు రెండు. ఒకటి చల్లటి నీళ్ళకు, ఇంకొకటి రాయిని తలుపు దాకా తీసుకెళ్ళనిచ్చినందుకు. ఆ కెంపుల సంగతి బోర్డు మీద రాసి పెడితే ఇంకొకటి వేసేదాన్ని. సందులోని కొట్టుకు నాలుగు, తగ్గించినది జత కుదరని ఆ రెండో రాయికి.