అరకు వెళ్తున్నారా? కారు వద్దు, రైలెక్కండి

విశాఖలో కారు మాట్లాడుకుని తెల్లవారకముందే ఘాట్ ఎక్కడం అందరికీ అలవాటైంది. నవంబరు నుంచి జనవరి దాకా శని, ఆదివారాల్లో ఆ మలుపుల్లో బండ్లు బారులు తీరి, మంచు చూడాల్సిన వేళంతా పొగ పీలుస్తూ గడిచిపోతుంది. మంగళవారం నుంచి గురువారం లోపు పెట్టుకుంటే కొండ మీద ఒత్తిడి తగ్గుతుంది, గదీ సులువుగా దొరుకుతుంది.

పగటిపూట కిరండూల్ రైలు విశాఖలో ఉదయం ఏడింటికి ముందే బయల్దేరి నాలుగు గంటల్లో అరకు చేరుస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడీలా ఇనుప ఖనిజం కోసం 1960లలో వేసిన దారి ఇది. కరెంటు మీద నడుస్తుంది, సొరంగాలు యాభైకి పైనే. అద్దాల పైకప్పుండే విస్టాడోమ్ పెట్టెలో టికెట్లు ముందే అయిపోతాయి. దొరకలేదని బాధపడనక్కర్లేదు: అందులో ఏసీ, మూసిన అద్దాలు. మామూలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చుంటే అడవి గాలి మొహానికి తగులుతుంది, మాకైతే అదే నచ్చుతుంది. చిక్కల్లా తిరుగు రైలుతోనే. గూడ్స్ బండ్లకు దారిస్తూ ఆలస్యమవుతుంది కాబట్టి అదే రాత్రి విశాఖ నుంచి మరో రైలు పెట్టుకోకండి. తొందరుంటే శృంగవరపుకోట మీదుగా వెళ్లే ఆర్టీసీ బస్సు ఉంది.

మనిషికి లీటరు స్టీలు సీసాలు రెండు, ఒక గుడ్డసంచి, మూత గట్టిగా పడే డబ్బా, చెత్తకు ఒక మందపాటి సంచి చాలు. గదిలో దిగగానే ఇరవై లీటర్ల నీళ్ల క్యాను అడగండి. ఇద్దరికి రెండు రోజులు సరిపోతుంది, ఆ మేరకు లీటరు సీసాలు కొనే పని తప్పుతుంది. తడి వైప్స్‌లో చాలావాటిలో ప్లాస్టిక్ పోగులుంటాయి, మట్టిలో కలవవు. చేతిరుమాలు తెచ్చుకోండి.

బొర్రా గుహలు చూడాలంటే అరకు కంటే ముందే వచ్చే బొర్రా గుహలు స్టేషన్‌లో దిగాలి. అక్కడి నుంచి అరకుకు బస్సో, షేర్ జీపో పట్టుకోవచ్చు. లోపల వేలాడే సున్నపురాయి తీగల్ని ముట్టుకోవద్దని చెప్పడానికి కారణం ఉంది: నీటిచుక్కలోని ఖనిజం పొరపొరగా పేరుకుంటేనే అవి పెరుగుతాయి. చేతి జిడ్డు అంటిన చోట కొత్త పొర పట్టదు, రాయి నల్లబడుతుంది. గబ్బిలాల మీద ఫ్లాష్ కొట్టకండి. బయట కోతులకు చిప్స్ పెడితే అవి సంచులు లాక్కోవడం నేర్చుకుంటాయి, కవరుతో సహా తినేస్తాయి.

గుహల బయట బొంగులో చికెన్ అప్పటికప్పుడు కాల్పించుకుంటేనే రుచి, అరగంటకు పైగా ఆగాలి. పచ్చి బొంగు ఒకసారి కాలిస్తే మళ్లీ పనికిరాదు. అందుకే తలా ఒకటి కాకుండా, ముందు ఒకటి చెప్పి చాలకపోతే ఇంకోటి చెప్పండి. వడ్డన అడ్డాకు విస్తరిలోనే కావాలని అడగండి. ఆ ఆకు కోసి కుట్టే ఆడవాళ్లకు నాలుగు డబ్బులొస్తాయి. వెండిపూత కాగితం పళ్లెం కాలిస్తే విషప్పొగ, పారేస్తే ఏళ్ల తరబడి చెత్త.

బసకు గిరిజన మ్యూజియం దగ్గర్లోని హరిత మయూరి సౌకర్యం, ఊళ్లో చాలా చోట్లకు నడిచే వెళ్లొచ్చు. టెంట్లు తీసుకునే ముందు మూడు ప్రశ్నలు వేయండి: మరుగుదొడ్డి నీళ్లు ఎక్కడికి పోతాయి, చలిమంట కట్టెలు ఎక్కడివి, రాత్రి పాటల పెట్టె ఎన్నింటికి ఆపుతారు. సూటిగా చెప్పలేని చోట దిగకపోవడమే మంచిది.

వలిసె పూల చేలల్లో ఫొటోల పిచ్చి ఎక్కువైంది. అది నూనెగింజల పంట. తొక్కితే విరిగిన కాడ మళ్లీ లేవదు. రైతు అడిగిన డబ్బిచ్చి గట్టు మీదే నిలబడండి, మొక్కల ఎత్తుకు వంగి తీస్తే గట్టు మీద నుంచే చుట్టూ పూలున్నట్టు వస్తుంది.

వంజంగి కొండ మీది మబ్బుల కోసం దగ్గర్లోని పాడేరులో పడుకుని చీకటితోనే ఎక్కాలి. పైన తాగిన టీ కప్పు కూడా మీ సంచిలోనే దిగాలి. కొండ మీద పడేస్తే గాలికి లోయలో పడుతుంది, అక్కడికి దిగి ఏరేవాళ్లుండరు. ఆ సంచి దారిలో కనిపించిన నిండిన చెత్తడబ్బా పక్కన పెట్టకుండా విశాఖ దాకా తెచ్చేయండి.

అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొంటే నమ్మకం. రోడ్డు పక్కన కొన్న పొడి మీద అనుమానముంటే చల్లటి నీళ్ల గ్లాసులో చిటికెడు చల్లండి. కాఫీ పైన తేలుతుంది. చికోరీ అయితే గోధుమరంగు చారలు వదులుతూ మునుగుతుంది.