చిన్న జెట్ పైలట్ ప్యాకేజీ: డబ్బు కట్టే ముందు ఇన్సూరెన్స్ సంగతి అడగండి

చిన్న జెట్ పైలట్‌ని చేస్తామని 26 లక్షల ప్యాకేజీ అమ్మే ఒక హైదరాబాద్ కన్సల్టెన్సీకి నా రేటింగ్ 5కి 2. ఆ రెండూ అక్కడ క్లాస్ చెప్పిన సార్ కోసం ఇస్తున్నా. కంపెనీ పేరు రాయడం లేదు, మా డబ్బుల లెక్క ఇంకా తెగలేదు. పైలట్ కోర్సు చేసి ఖాళీగా ఉన్న పిల్లలు, వాళ్ల కోసం భూమి అమ్ముకున్న తల్లిదండ్రులు ఇది కొంచెం ఓపిగ్గా చదవండి.

మాది హాలియా. సాగర్ ఎయిర్‌స్ట్రిప్ దగ్గరే కాబట్టి ట్రైనింగ్ విమానాలు నెత్తి మీద తిరుగుతుంటే చూస్తూ పెరిగాం, తమ్ముడికి ఆ పిచ్చి అప్పుడే పట్టింది. 2022 ఫిబ్రవరిలో పక్కనే పెద్దవూర మండలంలో శిక్షణ విమానం కూలి, నేర్చుకుంటున్న అమ్మాయి చనిపోయినప్పుడు మా అమ్మ వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు. వాడు మాత్రం మానలేదు. ఎకరంన్నర అమ్మి, మిగతాది బ్యాంకు లోన్ తీసి సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) చేయించాం. లైసెన్స్ చేతికొచ్చింది. లాగ్‌బుక్‌లో మొత్తం 206 గంటలు, అందులో రెండింజన్ల విమానం మీద 15. ఎయిర్‌లైన్ల నోటిఫికేషన్ల కోసం చూసీ చూసీ ఏడాది గడిచింది, ఈఎంఐ మాత్రం ప్రతి నెలా ఐదో తారీఖున కట్ అవుతూనే ఉంది.

సరిగ్గా అప్పుడే నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఒక హోటల్లో సెమినార్ అని మెసేజ్ వచ్చింది. హైదరాబాద్ కన్సల్టెన్సీ వాళ్లది. నాయిన, నేను, తమ్ముడు ముగ్గురం వెళ్లాం. నలుగురైదుగురు కూర్చునే బుల్లి జెట్లు, అంటే సెస్నా మస్టాంగ్, ఎంబ్రేయర్ ఫినామ్ 100, హోండాజెట్ లాంటివి ప్రొజెక్టర్ మీద చూపించారు. పెద్ద ఎయిర్‌లైన్ల వెనక ఎందుకు పడతారు, 26 లక్షలు కట్టండి, టైప్ రేటింగ్ (ఆ మోడల్ విమానం నడపడానికి విడిగా తీసుకోవాల్సిన అర్హత) చేయిస్తాం, ఏడాదిలో చిన్న జెట్‌కి కెప్టెన్, నెలకి మూడు లక్షలు అన్నారు. చిన్న జెట్ల ఎయిర్ టాక్సీ కాలం వస్తోందని కూడా చెప్పారు.

వాళ్లు చెప్పిన లాజిక్ పూర్తిగా అబద్ధం కాదు, అందుకే నమ్మేశాం. మన రూల్స్‌లో 5,700 కిలోల లోపు బరువున్న విమానానికి పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే కెప్టెన్‌గా ఉండటానికి ఆ విమానం రేటింగ్‌తో సీపీఎల్ సరిపోతుంది, 1,500 గంటలు కావాల్సిన ఏటీపీఎల్ (ఎయిర్‌లైన్ కెప్టెన్లకి ఉండే పై లైసెన్స్) అక్కర్లేదు. ఫినామ్ 100 దాదాపు 4,750 కిలోలు, మస్టాంగ్ నాలుగు టన్నుల లోపే. పైగా ఈ జెట్లని ఒక్క పైలట్ నడిపేలా సర్టిఫై చేశారు. "చట్టమే ఒప్పుకుంటోంది కదా మేడమ్" అని సెమినార్ నడిపిన కౌన్సిలర్ అంటే నాకు ఎదురు చెప్పడానికి ఏమీ దొరకలేదు.

నాయిన దగ్గర మాత్రం ఒక ప్రశ్న ఉంది. ఆయన పాతికేళ్లుగా మిర్యాలగూడ మిల్లులకు ధాన్యం లారీ తోలుతున్నాడు. "సారూ, నా లారీకి సరైన లైసెన్స్ లేనోడు స్టీరింగ్ పడితే ఇన్సూరెన్సోడు పైసా ఇయ్యడు. కోట్ల రూపాయల విమానం, మావోనికి ఉన్నయే రెండొందల గంటలు. వాడు నడిపితే ఇన్సూరెన్స్ ఎవరిస్తరు?" అని అడిగాడు. "అంకుల్, అవన్నీ కంపెనీ చూసుకుంటుంది" అని ఆ కౌన్సిలర్ స్లైడ్ మార్చేశాడు. ఆ జవాబు దగ్గరే మేం లేచి రావాల్సింది. కానీ ఆదివారం దాటితే ఆఫర్ ఉండదన్నారు, తమ్ముడి ముఖం చూసి నేనే రెండు లక్షలు అడ్వాన్స్ కట్టాను.

నాయిన అంతటితో వదల్లేదు. మా లారీ పాలసీ చూసే ఏజెంట్‌ని పట్టుకుని, అతని ద్వారా హైదరాబాద్‌లో విమానాల ఇన్సూరెన్స్ చూసే ఒక పెద్దాయనతో మాట్లాడించాడు. నేను స్పీకర్ ఆన్ చేసి మిల్లు అకౌంట్ బుక్ వెనక రాసుకున్నా. విమానం పాలసీ కోసం ఇచ్చే ఫారంలో ప్రతి పైలట్ గురించి అడుగుతారట: మొత్తం గంటలు, రెండింజన్ల మీద గంటలు, జెట్ లేదా టర్బైన్ మీద గంటలు, అదే మోడల్ మీద గంటలు, గత పన్నెండు నెలల్లో ఎన్ని ఎగిరాడు, ప్రమాదాలేమైనా ఉన్నాయా. పాలసీలో పైలట్ వారంటీ అని ఒక క్లాజ్ ఉంటుంది. ఎవరు నడపాలో పేర్లయినా ఉంటాయి, లేదా ఇన్ని గంటలు తగ్గకుండా ఉన్నవాళ్లే నడపాలని ఉంటుంది. అది తప్పి ఏదైనా జరిగితే క్లెయిమ్ పోతుంది. అచ్చం నాయిన అడిగిందే!

ఆయన మాట్లాడుతుంటే తమ్ముడు పక్కనే కూర్చుని లాగ్‌బుక్ తెరిచాడు. మొత్తం గంటల గడిలో 206. రెండింజన్ల గడిలో 15. జెట్ దగ్గర ఏమీ లేదు. వాడు ఆ ఖాళీ గడి మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయాడు. ఆ వేలు చూశాకే నాకు మొత్తం అర్థమైంది. లైసెన్స్ ఇచ్చేది ప్రభుత్వమే కానీ, ఆ సీట్లో కూర్చోబెట్టేది ఇన్సూరెన్స్ కంపెనీ.

జీతం కూడా దీనికే ముడిపడి ఉంది, ఇది సెమినార్‌లో ఎవరూ చెప్పలేదు. తక్కువ గంటలున్న పైలట్‌ని పెడితే ఇన్సూరెన్స్ వాళ్లు వద్దంటారు, లేదా ప్రీమియం పెంచుతారు, లేదా కొన్ని గంటల పాటు పక్కన అనుభవం ఉన్న కెప్టెన్ ఉండాల్సిందే అంటారు. అంటే ఓనరు రెండు జీతాలు కట్టాలి. అదేదో అనుభవం ఉన్న కెప్టెన్‌కే మంచి జీతం ఇస్తే పాలసీ సులువుగా వస్తుంది. వాళ్లు చూపించిన మూడు లక్షలు ఆ కెప్టెన్ జీతం, మా వాడిది కాదు. ఇంకొకటి, ఈ చిన్న జెట్లు చాలావరకు ఓనరే స్వయంగా నడుపుకునేలా తయారుచేసినవి, ఉద్యోగాలే తక్కువ. ఎయిర్ టాక్సీ ముచ్చట కూడా కొత్తది కాదు. అమెరికాలో ఫ్లోరిడాలో డేజెట్ అనే కంపెనీ ఎక్లిప్స్ 500 జెట్లతో 2007లో సర్వీసు మొదలుపెట్టి 2008 సెప్టెంబర్‌లో ఆపేసింది, ఆ విమానాలు చేసిన ఎక్లిప్స్ ఏవియేషన్ అదే నవంబర్‌లో దివాలా తీసింది. మస్టాంగ్ తయారీ 2017లో ఆగిపోయింది. ఇవన్నీ తర్వాత నేను వెతికి తెలుసుకున్నవి.

ఇప్పుడు క్లాస్ గురించి. అడ్వాన్స్ కట్టినవాళ్లకి రెండు రోజులు హైదరాబాద్ ఆఫీసులో క్లాస్ పెట్టారు. రిటైర్డ్ కెప్టెన్ ఒకాయన వచ్చారు, చాలా బాగా చెప్పారు. జెట్ ఎందుకు కష్టం అంటే స్పీడ్ వల్ల కాదు, ఆలోచించడానికి టైమ్ ఉండదు, విమానం కన్నా పది మైళ్లు ముందు నీ బుర్ర ఉండాలి అన్నారు. టీ తాగేటప్పుడు తమ్ముడిని పక్కకు పిలిచి, "బాబూ, ఇప్పుడు ఈ రేటింగ్ కొనకు. వాడకపోతే అది చెల్లుబాటులో ఉండదు, మళ్లీ పరీక్షకి మళ్లీ డబ్బు. ముందు అసిస్టెంట్ ఇన్‌స్ట్రక్టర్ చెయ్, గంటలు పెంచుకో" అన్నారట. ఆ సంస్థలో పనిచేస్తూ ఆ మాట చెప్పాలంటే ధైర్యం కావాలి. ఆ సార్‌కి దండం పెట్టొచ్చు.

ఒక్క పైలట్‌తో సర్టిఫై అయిన విమానంలో కుడి సీట్లో, అంటే కో-పైలట్ సీట్లో కూర్చుంటే ఆ గంటలు లాగ్‌బుక్‌లో ఏ లెక్కన పడతాయో కూడా ముందే రాతపూర్వకంగా తీసుకోమని ఆయనే చెప్పారు. మేం ఆఫీసులో ఇదే అడిగాం. ఏ కంపెనీ విమానం, ఏ ఇన్సూరెన్స్, పాలసీలో పైలట్‌కి ఎన్ని గంటలు అడుగుతున్నారు, ఆ పేజీ కాపీ చూపించండి అన్నాం. మూడు వారాలు తిప్పారు, చివరికి కాన్ఫిడెన్షియల్ అన్నారు. అగ్రిమెంట్ 11 పేజీలు, దాంట్లో ఉద్యోగం అనే మాట దగ్గరల్లా 'సహాయం' అనే ఉంది, గ్యారంటీ అని ఎక్కడా లేదు. సంతకం పెట్టకముందే చదవనందుకు నన్ను నేను తిట్టుకోని రోజు లేదు.

రిఫండ్ కోసం నాలుగు నెలలు తిరిగాం. ఫోన్ ఎత్తరు, ఎత్తితే అకౌంట్స్ వాళ్లు లీవ్ అంటారు. నాయిన లారీ లోడ్ దింపి అటు నుంచి అటే రెండుసార్లు వాళ్ల ఆఫీసుకు వెళ్లి కూర్చున్నాడు. రిజిస్ట్రేషన్ ఫీజు అని 25 వేలు పట్టుకుని, లక్షా 40 వేలు ఇచ్చారు.

తమ్ముడు ఇప్పుడు అసిస్టెంట్ ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ చేస్తున్నాడు. వచ్చే జీతం ఈఎంఐకి కూడా చాలదు, అది మాకు తెలుసు, ఇంట్లో అందరం కూర్చుని మాట్లాడుకునే ఒప్పుకున్నాం. మాకు ఇంకా 35 వేలు రావాలి. వస్తే వచ్చిందని ఇక్కడే రాస్తాను.