అడిగినదానికంటే ఎక్కువ కిరాయి ఇస్తానంటే జాగ్రత్త: మా ఇంట్లో కల్తీ అల్లం వెల్లుల్లి పేస్ట్ తయారుచేశారు

టులెట్ బోర్డు పెట్టినవాళ్లు, ఇళ్లు కిరాయికి ఇచ్చే యాప్‌లో ఇంటి ఫొటోలు పెట్టి ఫోన్ కోసం ఎదురుచూస్తున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మొన్న మంగళవారం హైదరాబాద్ బండ్లగూడ జాగీర్‌లో ఉన్న మా ఇంటి మీద పోలీసులు, ఫుడ్ సేఫ్టీ వాళ్లు కలిసి దాడి చేశారు. కింది పోర్షన్‌లో మా కిరాయిదారు తొమ్మిది నెలలుగా కల్తీ అల్లం వెల్లుల్లి పేస్ట్ తయారుచేసి అమ్ముతున్నాడు. ఇప్పుడు ఇంటికి సీలు వేశారు. కరెంటు వాళ్ల నోటీసు నా పేరు మీద వచ్చింది. అతనికి మాత్రం ఒక్క రూపాయి నష్టం లేదు.

నేను ఉండేది హనుమకొండలో, మా అమ్మాయి దగ్గర. మా ఆయన పోయాక ఆ ఇంటి కిరాయే నాకు ఆధారం. పోయిన ఏడాది మే చివర్లో పాతవాళ్లు ఖాళీ చేస్తే యాప్‌లో పెట్టాం. ఆ యాప్ సంగతి మీకు తెలిసిందే. డబ్బు కడితే రోజుకు పది ఫోన్లు వస్తాయి, వచ్చేవాడు ఎవడో మాత్రం వాళ్లు చూడరు. 17 వేలు అని పెట్టాను. అందరూ 15కి, 16కి బేరమాడారు. ఇతను ఒక్కడే బేరమాడలేదు. "అమ్మా, ఇల్లు నాకు నచ్చింది, ఇంకెవరికీ చూపించకండి, 22 ఇస్తాను" అన్నాడు. రెండు నెలల అడ్వాన్స్ 44 వేలు ఆ సాయంత్రమే పంపాడు. మా అమ్మాయికి చెప్పి ఎంత సంబరపడ్డానో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండిపోతోంది.

అది ఆషాఢం. "ఆషాఢంలో ఎవరైనా ఇల్లు మారతారా బాబూ, శ్రావణం రానీ" అన్నాను. మాకు అలాంటి పట్టింపులు లేవమ్మా అన్నాడు. పట్టింపులు లేకపోతే తప్పేమీ లేదు. కానీ భార్య, ఇద్దరు పిల్లలు అని చెప్పినవాడు ఒక్కడే వచ్చి రాత్రి పదింటికి రెండు ట్రాలీ ఆటోల్లో సామాను దింపాడని, పాలు పొంగించడానికి కూడా ఎవరూ రాలేదని పక్కింటావిడ అప్పుడే చెప్పింది. నేను పట్టించుకోలేదు. నెల మొదటి తారీఖున పొద్దున తొమ్మిదిలోపు 22 వేలు ఖాతాలో పడుతుంటే నాకు ఇంకే మాటా చెవికెక్కలేదు.

దసరాకి వెళ్లినప్పుడు గేటు దాకా ఎదురొచ్చాడు. వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, హోటల్ నుంచి టీ తెప్పించాడు. లోపలికి వెళ్లబోతే "పిల్లలకు జ్వరమమ్మా, ఇప్పుడే పడుకున్నారు" అన్నాడు. ఆ పిల్లల చేతిలో పెట్టమని 200 రూపాయలు ఇచ్చి వచ్చాను. ఆ ఇంట్లో పిల్లలే లేరని మంగళవారం తెలిసింది.

కార్తీకంలో పక్కింటావిడ మళ్లీ ఫోన్ చేసింది. "వదినా, మీ ఇంట్లకెల్లి ఘాటు వాసనొస్తుంది, కండ్లు మండుతున్నయ్" అంది. అతన్ని అడిగితే, మా ఆవిడ ఆవకాయ పెడుతోందమ్మా, మీకూ ఒక జాడీ పంపిస్తా అన్నాడు. సరేనన్నాను. కార్తీక మాసంలో ఆవకాయ ఏమిటి, మామిడికాయలు ఎక్కడివి అని నాకు తట్టలేదు. నలభై ఏళ్లుగా పచ్చళ్లు పెడుతున్నదాన్ని, నాకే తట్టలేదు. ఆ ఒక్క రోజు బస్సెక్కి వెళ్లి ఉంటే నాలుగు నెలల నష్టం తప్పేది.

మంగళవారం పొద్దున స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. ఇంటి ఓనర్ మీరేనా, వెంటనే రండి అన్నారు. హనుమకొండ నుంచి బస్సులో ఉప్పల్ దాకా, అక్కడి నుంచి ఆటోలో ఇంటికి చేరేసరికి సాయంత్రం నాలుగైంది. దారంతా టెన్షన్. ఎవరికైనా ఏమైనా అయిందేమో, గ్యాస్ పేలిందేమో, ఆ పిల్లలకు ఏమైందో అనుకుంటూ దేవుడికి మొక్కుకుంటూ వెళ్లాను.

గుమ్మంలో అడుగు పెట్టగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. అది ఏడుపు కాదు, ఎసిటిక్ యాసిడ్ ఘాటు. వెనిగర్‌లో ఉండేది అదే, కానీ ఇక్కడ నీలం డ్రమ్ముల్లో బాగా గాఢంగా ఉంది. హాల్లో గ్రైండింగ్ మిషన్. వంటగదిలో మెత్తబడి నల్లగా మారిన వెల్లుల్లి బస్తాలు, అల్లం పిప్పి. బాత్‌రూమ్‌లో మూత లేని టబ్బుల్లో కలిపి పెట్టిన పేస్ట్, దాని మీద ఈగలు. తెల్ల పొడి సంచులు చూపించి ఒక ఆఫీసర్ చెప్పాడు. ఒకటి టైటానియం డయాక్సైడ్, పెయింట్లలో తెలుపు కోసం వాడతారట. ఇంకొకటి శాంథన్ గమ్, నీళ్లలో కలిపితే జిగురుగా చిక్కబడి అసలు పేస్ట్‌లా కనిపిస్తుందట. అల్లం తక్కువ, జిగురు ఎక్కువ. మనం కూరల్లో వేసుకునేది, పెళ్లిళ్లలో బిర్యానీకి కేజీలకొద్దీ కొనేది! దేవుడి గదిలో స్టిక్కర్ల కట్టలు, డబ్బాలు. మా అత్తగారు పూజ చేసుకున్న గది అది.

హాల్లో మార్బుల్ గురించి చెప్పాలి. 2009లో ఇల్లు కట్టినప్పుడు మా ఆయన రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్ దాకా వెళ్లి, రెండు రోజులు ఉండి, పలకలు ఒక్కొక్కటి నీళ్లు పోసి చూసి ఏరి తెచ్చిన రాయి. తుడిస్తే ఫ్యాన్ నీడ కనిపించేది. ఇప్పుడు డ్రమ్ములు పెట్టిన చోటల్లా గుండ్రంగా తెల్లటి మచ్చలు. వంగి చేత్తో తడిమి చూశాను, ఉప్పుకాగితంలా గరుకుగా ఉంది. మార్బుల్ అంటే సున్నపురాయి జాతే, యాసిడ్ పడితే పైపొర కరిగిపోతుంది, అది మరక కాదు కాబట్టి తుడిస్తే పోదని మేస్త్రి చెప్పాడు. మిషన్ కదలకుండా బిగించడానికి హాల్ మధ్యలో నాలుగు బోల్టులు దిగ్గొట్టారు. ఒక రంధ్రం నుంచి గోడ దాకా పలక నిలువునా చీలింది. ఆ చీలిక పక్కనే చాలాసేపు కూర్చుండిపోయాను.

ఇదంతా ఒక ఎత్తు, తర్వాత జరిగింది ఒక ఎత్తు.

అతన్ని గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. దగ్గరికి వెళ్లి "ఏంటి బాబూ ఇది, నీకు నేనేం అన్యాయం చేశాను?" అని అడిగాను. నా ముఖం చూడలేదు. పోలీసాయన వైపు తిరిగి, చాలా మామూలుగా, "ఓనర్‌కి అన్నీ తెలుసు సార్. 17 వేల ఇంటికి 22 వేలు ఊరికే తీసుకుంటారా ఎవరైనా? తెలిసే తీసుకున్నారు" అన్నాడు.

తొమ్మిది నెలలు అమ్మా, అమ్మా అని పిలిచిన నోరు అది. సంక్రాంతికి ఫోన్ చేసి ఆశీర్వాదం అడిగిన నోరు. నాకు మాట రాలేదు. కాళ్లు వణికాయి. అందరూ నా వైపు చూశారు, వీధిలో వాళ్లు కూడా. పదిహేనేళ్లుగా నన్ను వదినా అని, పిన్నీ అని పిలిచే వాళ్ల ముందు నేను దొంగలా నిలబడ్డాను. ఆ ఎక్కువ 5 వేలు మంచి కిరాయిదారు దొరికాడన్న అదృష్టం అనుకున్నాను. అది నన్ను ఇరికించడానికి మొదటి రోజే అతను పెట్టుకున్న సాక్ష్యం. మార్బుల్ పోయింది, పోనీ. ఆ మాట మాత్రం నేను చచ్చేదాకా మర్చిపోలేను.

నన్ను కాపాడింది మా ఆయన పాత అగ్రిమెంట్ నమూనా. పదకొండు నెలల అగ్రిమెంట్, అందులో "నివాసానికి మాత్రమే, ఏ వ్యాపారమూ చేయరాదు" అని ఒక వాక్యం ఉంది. కిరాయి అంతా బ్యాంకు ఖాతాలోనే పడింది, చేతికి ఒక్క రూపాయి తీసుకోలేదు. వాసన గురించి నేను అడిగిన మెసేజ్, ఆవకాయ అని అతనిచ్చిన జవాబు ఫోన్‌లో ఉన్నాయి. అవన్నీ చూపించి స్టేట్‌మెంట్ ఇచ్చాక సాక్షిగా రాసుకున్నారు. అతనిచ్చిన ఆధార్ జిరాక్స్ మాత్రం వేరేవాళ్లదని తేలింది.

ఇప్పుడు కరెంటు సంగతి. మీటర్ నా పేరు మీద, గృహ కేటగిరీలో ఉంది. బిల్లు అతనే కట్టేవాడు కాబట్టి నేను ఏనాడూ చూడలేదు. పాతవాళ్లున్నప్పుడు నెలకు 200 యూనిట్లు దాటేది కాదు, ఇతని హయాంలో 1400 దాకా వెళ్లింది. ఇంటి కనెక్షన్ మీద ఫ్యాక్టరీ నడిపితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద, వాడిన అవసరానికి వర్తించే టారిఫ్‌కు రెట్టింపు లెక్కగడతారు. ఎప్పటి నుంచి వాడారో తేలకపోతే తనిఖీకి ముందు పన్నెండు నెలలకు లెక్క వేయొచ్చు. నాకు 96 వేలకు వచ్చింది. అది మొదటి అంచనా మాత్రమే, దాని మీద అభ్యంతరం రాసి ఇవ్వొచ్చని లాయరు చెబితే నిన్న ఇచ్చి వచ్చాను. అతను జూన్ చివర్లో దిగాడని అగ్రిమెంట్‌లో తేదీ ఉంది కాబట్టి పన్నెండు నెలలకు వేయకూడదని రాశాను.

డ్రైనేజీ పైపు నిండా అల్లం పీచు, జిగురు గడ్డకట్టి ఉంది. పక్కింటివాళ్ల చాంబర్ కూడా పొంగింది, వాళ్లకు నేనే బాగు చేయించాలి. మార్బుల్, పైపులు, గోడలు, రంగులు అన్నీ కలిపి 1,85,000 అవుతుందన్నారు. నా దగ్గరున్న అడ్వాన్స్ 44 వేలు. కేసు వేస్తే గెలుస్తావమ్మా అంటున్నారు. గెలిచి ఎవరి దగ్గర వసూలు చేయను? అతని అసలు అడ్రసే ఎవరికీ తెలియదు. సీలు తీసేదాకా బాగు చేయించడానికీ లేదు, కిరాయికి ఇవ్వడానికీ లేదు.

మీకు చెప్పేది కొంచెమే. ఎవరైనా బేరమాడకుండా ఎక్కువ ఇస్తానంటే అక్కడే ఆగండి, ఎందుకు ఇస్తున్నాడో తెలుసుకోండి. ఆధార్ జిరాక్స్ తీసుకుని ఊరుకోకండి, దాని మీదున్న క్యూఆర్ కోడ్‌ని ఆధార్ వాళ్ల యాప్‌తోనే స్కాన్ చేస్తే అసలు పేరు, ఫొటో వస్తాయి. స్టేషన్‌లో కిరాయిదారు వివరాలు ఇవ్వండి. కరెంటు బిల్లు ఎవరు కట్టినా బిల్లు మీదుండే యూఎస్‌సీ నంబర్ (కనెక్షన్ నంబర్)తో నెలనెలా యూనిట్లు మీరే చూసుకోండి, ఊళ్లో లేకపోయినా కనిపిస్తుంది. లోపలికి వచ్చి చూస్తానంటే మొహమాటపడకండి. 1882 ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం తగిన సమయంలో వెళ్లి ఇల్లు ఎలా ఉందో చూసే హక్కు ఓనర్‌కి ఉంది. నేను మొహమాటపడి వరండాలోంచే తిరిగొచ్చాను.

ఇలాంటిది జరిగితే పోలీసులు రాకముందు ఏదీ కడగకండి, పారేయకండి. పంచనామా కాపీ అడిగి తీసుకోండి. ఫొటోలు తీసి పెట్టుకోండి.

అతనికి బెయిల్ వస్తుందట. వస్తే మళ్లీ ఆ యాప్‌లోనే ఇంకో ఇల్లు వెతుక్కుంటాడు. అత్తాపూర్, కిస్మత్‌పూర్, రాజేంద్రనగర్ వైపు ఇల్లు ఖాళీగా ఉన్నవాళ్లు, ముఖ్యంగా వేరే ఊళ్లో ఉండేవాళ్లు గుర్తుపెట్టుకోండి. బాగా మాట్లాడతాడు, అమ్మా అని పిలుస్తాడు, అడ్వాన్స్ అదే రోజు పంపిస్తాడు. ఇప్పటికే ఇల్లు ఇచ్చేసి ఉంటే ఈ ఆదివారం ఒకసారి వెళ్లి వంటగది దాకా చూసి రండి.